మాటలన్నీ తెలిసినా వాక్యం చెవికి ఎక్కడం లేదు

కరీంనగర్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు పూర్తి చేసి, కొన్నేళ్లు ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేశారు. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ ఉద్యోగానికి వెళ్లాలని ఆ ఉద్యోగం మానేసి, ఫీజు కోసం అప్పు చేసి, ఒక శిక్షణ సంస్థలో చేరారు. నాలుగేళ్ల పాపను తల్లిగారింట్లో ఉంచారు. శిక్షణలో రోజుకు 40 జపనీస్ మాటలు, వాటి ఎదురుగా ఇంగ్లిష్ అర్థాలు ఇస్తారు. మర్నాడు పొద్దున్నే వాటి మీద పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షల్లో ఈమెకు ఎప్పుడూ మంచి మార్కులే వచ్చాయి. జూలైలో రాసిన జేఎల్‌పీటీ (జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష) ఎన్4 స్థాయిలో మాత్రం తప్పారు. భాషాజ్ఞానం, పఠనం కలిపి 120కి 76, వినికిడిలో 60కి 17, మొత్తం 93. ఉత్తీర్ణతకు కావలసిన 90 దాటినా వినికిడిలో కనీసం 19 రావాలన్న నిబంధన దగ్గర ఆగిపోయారు.

ఆమెను ఎక్కువగా బాధపెట్టింది అంతకుముందు సంస్థలోనే పెట్టిన నమూనా పరీక్షలోని ఒక ప్రశ్న. ఒక నర్సు రోగితో అన్న మాట వినిపించి, మందు ఎప్పుడు వేసుకోవాలని అడిగారు. వాక్యం ఇది: ‘గొహన్ ఒ తబెరు మయె ని, కుసురి ఒ నొందె కుదసయి.’ ఇందులో ఆమెకు తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా ‘అన్నం తిన్న తర్వాత’ అని గుర్తుపెట్టి వచ్చారు. సరైన జవాబు ‘తినే ముందు’. ‘నేను నర్సునే కదా, ఇదే పొరపాటు అక్కడ ఒక ముసలాయన మందుల దగ్గర చేస్తే ఏమవుతుంది?’ అని రాశారు.

ఇప్పుడు ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. సంస్థలోని శిక్షకుడు మాటల పట్టిక మళ్లీ మొదటి నుంచి బట్టీ పట్టమంటున్నారు. ఆదివారాలు వచ్చే ఉపాధ్యాయురాలు పట్టికలు పక్కన పెట్టి, రోజుకు ఒక వాక్యం తీసుకుని విడదీసి చదవమంటున్నారు. జపాన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మరిది ఫోన్‌లో యాప్ ఉంటే చాలంటున్నాడు. డిసెంబరు పరీక్షకు మూడు నెలలే ఉంది, అప్పు మీద వడ్డీ పెరుగుతోంది, ఇంటికి వెళ్తే ఆడపడుచు ఎత్తిపొడుస్తోంది. ‘నా బుర్రకు ఈ భాష ఎక్కదేమో. ఎవరి మాట వినాలి?’ అని అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఎలా చదవాలన్నది ఒకటి, ఏ పరీక్ష రాయాలన్నది మరొకటి, మీకు ఈ శక్తి ఉందా లేదా అన్నది మూడోది. మూడోదానికి జవాబు మీ మార్కుల్లోనే ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను. చదివే భాగంలో 120కి 38 వస్తే చాలన్నచోట మీకు 76 వచ్చాయి. భాష ఎక్కని బుర్రకు ఆ మార్కులు రావు. మాటలు మీ లోపలికి వెళ్లాయి, కానీ ఒక్కొక్కటీ ఒంటరిగా, పైగా ఇంగ్లిష్ దారిలో వెళ్లాయి. వినేటప్పుడు అవి ఆ రూపంలో రావు. మీ ఇబ్బంది అక్కడుంది.

మీరు తప్పు రాసిన వాక్యాన్నే ఒకసారి దగ్గరగా చూద్దాం. ‘గొహన్’ అన్నం. ‘ఒ’ మన ద్వితీయా విభక్తి చేసే పని చేస్తుంది. ‘తబెరు’ తినే. ‘మయె ని’ ముందు. ‘కుసురి’ మందు. ‘నొందె కుదసయి’ వేసుకోండి. ఇప్పుడు ఈ ముక్కలను అదే వరసలో, ఒక్కటీ కదపకుండా తెలుగులో చదవండి: ‘అన్నం తినే ముందు మందు వేసుకోండి.’ మీరు వార్డులో రోజూ అనే మాట ఇదే. వరస మార్చాల్సిన పని లేదు, కర్త కోసం వెతకాల్సిన పని లేదు. ఇంగ్లిష్‌లో ఇదే సంగతి చెప్పాలంటే ‘ముందు’ అనే మాట ‘తినడం’ కంటే ముందే వచ్చేస్తుంది. మీ చెవి ఆ పద్ధతికి అలవాటుపడి, ‘గొహన్’, ‘తబెరు’ వినగానే తినడం అయిపోయిందని తీర్మానించుకుంది. వెనకాల వచ్చిన ‘మయె ని’ని పట్టించుకోకుండా ‘కుసురి’ దగ్గరికి వెళ్లిపోయింది. తెలుగు చెవితో వింటే ‘తినే...’ దగ్గర ఆగి, దాని వెనక ‘ముందు’ వస్తుందో, ‘అప్పుడు’ వస్తుందో అని ఎదురుచూస్తాం.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే ఈ ఒక్క వాక్యంలో ఎన్4 వ్యాకరణం చాలానే ఉంది. ‘తిన్న తర్వాత’ అనాలంటే జపనీస్‌లో ‘తబెత అతొ దె’ అంటారు. ‘తబెరు’ పోయి ‘తబెత’ వచ్చింది. మనకూ ‘తినే’ పోయి ‘తిన్న’ వస్తుంది. అసలు చిక్కు గతకాలంలో వస్తుంది. ‘అన్నం తినే ముందు మందు వేసుకున్నాను’ అన్నప్పుడు పని అయిపోయినా మనం ‘తినే ముందు’ అనే అంటాం, ‘తిన్న ముందు’ అని ఎవరూ అనరు. జపనీస్ కూడా అంతే: ‘గొహన్ ఒ తబెరు మయె ని కుసురి ఒ నొమిమషిత.’ ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ ‘తబెత మయె ని’ అని తప్పు రాస్తారు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో ఆ చోట భూతకాల క్రియ వస్తుంది. తెలుగు మీదుగా వెళ్తే ఆ నియమాన్ని విడిగా బట్టీ పట్టే అవసరమే మీకు ఉండదు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. మన ఇళ్లలో ‘తినకముందు’ అనడం ఎక్కువ. ఆ మాటను పట్టుకుని జపనీస్‌లో వ్యతిరేక రూపం పెడితే వాక్యం చెడిపోతుంది. నోట్‌బుక్‌లో ఎప్పుడూ ‘తినే ముందు’ అనే రాసుకోండి.

పట్టికలో మీరు చదివింది ‘నొము’, అర్థం తాగడం. వాక్యంలో వినబడింది ‘నొందె’. ‘యొము’ చదవడం, అది ‘యొందె’ అవుతుంది. ‘యొబు’ పిలవడం, అదీ ‘యొందె’ అవుతుంది. విడిగా వింటే ఈ రెండు ‘యొందె’లను ఏ పట్టికా వేరు చేసి చెప్పదు. ‘హొన్ ఒ యొందె కుదసయి’ అంటే పుస్తకం చదవండి, ‘సెన్సే ఒ యొందె కుదసయి’ అంటే డాక్టరుగారిని పిలవండి. పక్కనున్న మాటే అర్థం తేలుస్తుంది. మందుతో ‘నొము’ వస్తుందన్న సంగతి కూడా పక్కమాటతో కలిపి చూస్తేనే తెలుస్తుంది. మాత్రలనూ వాళ్లు ఆ క్రియతోనే చెబుతారు. సంరక్షణ పనిలో రోజూ వచ్చే బట్టలు తొడిగించడం సంగతీ ఇంతే. చొక్కాకు ‘కిరు’, చెప్పులకు, ప్యాంటుకు ‘హకు’, టోపీకి ‘కబురు’, కళ్లజోడుకు ‘కకెరు’. మీ పట్టికలో ఈ నాలుగింటి ఎదురుగా ఒకే ఇంగ్లిష్ మాట ఉంటుంది. మనం మాత్రం చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం. వస్తువును బట్టి క్రియ మారడం మనకు కొత్త కాదు. ‘షత్సు ఒ కిరు’, ‘మెగనె ఒ కకెరు’ అని జంటగా నేర్చుకుంటే చాలు.

అందువల్ల ఆదివారం ఉపాధ్యాయురాలు చెప్పిన దారి సరైనదని నా అభిప్రాయం. అయితే ఆమె చెప్పినట్లు పట్టికలు పూర్తిగా మానేస్తే మీకున్న మూడు నెలల్లో ఏం జరుగుతుందో కూడా చూడాలి. రోజుకు ఒక వాక్యం అంటే మూడు నెలలకు తొంభై వాక్యాలు. ఒక్కోదాంట్లో కొత్త మాటలు రెండు మూడే ఉంటాయి. ఎన్4కు 1500 మాటలని శిక్షణ సంస్థలు చెప్పే లెక్క ఒక అంచనా మాత్రమే. 2010లో పరీక్షను మార్చినప్పటి నుంచి నిర్వాహకులు అధికారిక పదాల పట్టికను ప్రచురించడం లేదు. అయినా విస్తృతమైన పదజాలం లేకుండా ఆ పరీక్ష దాటడం కష్టం. మీకు అనుకూలమైన విషయం ఏమిటంటే ఆ పదాల్లో ఎక్కువ భాగం మీకు ఇప్పటికే వచ్చు. మీరు వాటిని మళ్లీ నేర్చుకోనక్కరలేదు, వాక్యాల్లోకి చేర్చాలి.

శిక్షకుడితో గొడవ పెట్టుకోవద్దు. ఆయన పెట్టే పొద్దుటి పరీక్ష రాస్తూనే ఉండవచ్చు. ఆయన ఇచ్చిన 40 మాటల్లో క్రియలను మాత్రం ఏరి, ఒక్కోదానికి ఒక చిన్న వాక్యం జోడించండి. వస్తువుల పేర్లకు అంత అవసరం ఉండదు, కుర్చీ ఎక్కడున్నా కుర్చీయే. ఇది ఒక మార్గం. దీనివల్ల సంస్థలో ఇబ్బంది రాదు, కానీ రోజూ అదనంగా గంట పడుతుంది, అలసట ఉంటుంది. రెండో మార్గం పొద్దుటి పరీక్షల్లో మార్కులు తగ్గినా ఫరవాలేదని నిర్ణయించుకుని, ఆ సమయమంతా వినడానికి ఇవ్వడం. మీకు తగ్గింది వినికిడిలో కాబట్టి ఇది సూటిగా పనిచేస్తుంది. అయితే కొన్ని సంస్థలు లోపలి పరీక్షల మార్కులు చూసి ఉద్యోగ ఇంటర్వ్యూలకు పంపుతాయి. మీ సంస్థలో అలా ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే మొదటి మార్గమే మేలు.

మరిదిగారు చెప్పిన యాప్‌ను కాదనను, ఎందుకంటే మరిచిపోయే సమయానికి మళ్లీ గుర్తు చేసే పని అది బాగా చేస్తుంది. దాంట్లో ఒంటరి మాటలకు బదులు మీ వాక్యాలు పెట్టుకోండి. వాక్యాలను మాత్రం జపాన్‌వాళ్ల గొంతుతో ఆడియో ఉన్న చోటి నుంచే తీసుకోవాలి. జపాన్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ సంస్థ విదేశాల నుంచి ఉద్యోగానికి వచ్చేవాళ్ల కోసం తయారుచేసిన పాఠాలను ఆడియోతో సహా ఉచితంగా అందిస్తోంది. మీ స్థాయికి అవి సరిపోతాయి.

ఇక ఒక వాక్యాన్ని ఎలా చదవాలో చెబుతాను. ముందు చూడకుండా వినండి. విన్నది విన్నట్లు హిరగానాలో, అంటే జపనీస్ అక్షరమాలలో రాయండి. మీరు జపనీస్‌ను తెలుగు లిపిలో రాసుకుంటున్నానన్నారు. ఇక్కడ పాఠకుల కోసం నేనూ అలాగే రాస్తున్నాను, కానీ మీ నోట్‌బుక్‌లో అది ఇక ఆపాలి. ‘వ’ అని పలికే ప్రత్యయాన్ని వాళ్లు ‘హ’ అక్షరంతో రాస్తారు, ‘ఒ’ ప్రత్యయానికి విడిగా ఒక అక్షరం ఉంది. తెలుగు లిపికి అలవాటుపడిన కంటికి పరీక్ష కాగితం మీద ఇవి అడ్డు తగులుతాయి. రాసిన వాక్యం కింద తెలుగు ముక్కలను అదే వరసలో పెట్టండి. తర్వాత ఒక్కో ముక్క మారుస్తూ పైకి చదవండి. ‘తబెరు’ బదులు ‘నెరు’ పెడితే ‘నెరు మయె ని’, పడుకునే ముందు. ‘ఒఫురొ ని హయిరు మయె ని’, స్నానానికి వెళ్లే ముందు. ‘తబెతె కర’, తిన్నాక. మర్నాడు పుస్తకం మూసి, తెలుగు వాక్యం చూసి జపనీస్‌లో చెప్పండి. తడబడిన చోటే మీరు ఇంకా నేర్చుకోవలసింది ఉంది. ఇలా చేస్తే ఒక్క వాక్యం పది అవుతుంది, ఉపాధ్యాయురాలి ఉద్దేశమూ అదే అయి ఉంటుంది.

అదే వాక్యం నుంచి మందుల కవరు మీది కంజీ (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) దగ్గరికి కూడా వెళ్లవచ్చు. ‘మయె’కు రాసే కంజీనే ‘షొకుజెన్’లో ఉంటుంది, భోజనానికి ముందు అని దాని అర్థం. ‘అతొ’ కంజీ ‘షొకుగొ’లో ఉంటుంది, భోజనం తర్వాత అని. ‘షొక్కన్’ అని మరొకటి ఉంది. దాన్ని భోజనం చేస్తూ మధ్యలో అనుకుంటారు, కానీ అది రెండు భోజనాల మధ్య, అంటే తిన్నాక సుమారు 2 గంటలకు. నర్సుగా మీకు దీని విలువ నేను చెప్పనక్కరలేదు.

తెలుగు ఆసరా ఎక్కడ వదలాలో కూడా చెప్పాలి, లేకపోతే నా సలహా మిమ్మల్ని మరో గుంతలో పడేస్తుంది. ‘భోజనానికి ముందు’ అన్న మాటను చూసి ‘షొకుజి ని మయె’ అనకూడదు. అక్కడ ‘నొ’ రావాలి: ‘షొకుజి నొ మయె ని’. గదిలో ఉన్నారనడానికి ‘హెయ ని’, గదిలో తింటున్నారనడానికి ‘హెయ దె’. మన ‘లో’ రెండింటికీ ఒకటే, వాళ్లకు ఉనికి వేరు, పని జరిగే చోటు వేరు. ‘వ’, ‘గ’ ప్రత్యయాల తేడాకు తెలుగులో సరిసమానమైనది లేదు, అది వినగా వినగానే పట్టుబడుతుంది.

వీటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనవి రెండున్నాయి. ‘ముసుమె ని కుసురి ఒ కత్తె మొరయిమషిత’ అని ఒక పెద్దావిడ మీతో అన్నారనుకోండి. ‘ని’కి ‘కి’ అని పెట్టి, కూతురికి మందు కొన్నారని అర్థం చేసుకుంటే పూర్తిగా తలకిందులవుతుంది. కొన్నది కూతురు, పొందింది ఈమె. ‘మా అమ్మాయి నాకు మందు కొనిపెట్టింది’ అన్నది ఆ మాటల సారం. ఇచ్చిపుచ్చుకునే ఈ క్రియలు వినికిడి ప్రశ్నల్లో తరచుగా వస్తాయి. వీటిని ఎవరు చేశారు, ఎవరు పొందారు అని బొమ్మ గీసుకుని నేర్చుకోండి. రెండోది, మన క్రియ చివర చూస్తే ఎవరో తెలిసిపోతుంది: వేసుకున్నాను, వేసుకున్నాడు, వేసుకుంది. ‘నొమిమషిత’లో అదేమీ ఉండదు. డ్యూటీ మారేటప్పుడు ‘కుసురి ఒ నొమిమషిత’ అని వినబడితే ఎవరు వేసుకున్నారన్నది ముందు మాటల నుంచే తెలియాలి. అందుకే కొన్నాళ్లు విడి వాక్యాలు చదివాక, రెండు మూడు వాక్యాల చిన్న సంభాషణలకు మారండి. ఎన్4 వినికిడి భాగంలో ఉండేవి ఎక్కువగా అవే.

చెవి విషయంలో మీకు మరో బలం ఉంది. ‘కితె’ అంటే రా, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. ‘ఒబసన్’ అత్తయ్య వరసావిడ, ‘ఒబాసన్’ బామ్మ. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మాతృభాషలోనే ఉన్న మనకు ఈ తేడా వినబడుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నప్పుడు దీర్ఘం తరచుగా మాయమవుతుంది.

ఇక ఏ పరీక్ష అన్న సంగతి. మీరు రాసినదాన్ని బట్టి స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు జపాన్ ఇచ్చేది) మీద వెళ్లాలనుకుంటున్నారు. దానికి జేఎల్‌పీటీ ఎన్4 ఒక్కటే దారి కాదు, జపాన్ ఫౌండేషన్ పెట్టే జేఎఫ్‌టీ బేసిక్ అనే భాషా పరీక్ష కూడా సరిపోతుంది. సంరక్షణ రంగానికి వీటితోపాటు నైపుణ్య పరీక్ష, సంరక్షణకు సంబంధించిన జపనీస్ పరీక్ష కూడా రాయాలి. జేఎల్‌పీటీ ఏడాదికి రెండుసార్లే, డిసెంబరు పరీక్ష ఫలితం వచ్చేసరికి జనవరి చివర అవుతుంది. జేఎఫ్‌టీ కంప్యూటర్ మీద ఏడాదిలో చాలాసార్లు జరుగుతుంది, ఫలితం ఆ రోజే తెరమీద తెలుస్తుంది. అప్పు మీద వడ్డీ నడుస్తున్న మీకు ఈ తేడా చిన్నది కాదు. అయితే అక్కడ 250కి 200 రావాలి, అంటే ఒక భాగంలో బలంగా ఉండి మరో భాగంలో నెట్టుకురావడం కుదరదు. మీ ఇప్పటి వినికిడితో వెంటనే రాస్తే ఫీజు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఎన్4లో మీకు తగ్గింది రెండు మార్కులే, అవి లెక్కగట్టి సర్దిన మార్కులు కాబట్టి రెండు ప్రశ్నలని అర్థం కాకపోయినా, దూరం ఎక్కువ లేదు. మీ స్థానంలో ఉన్నవారు ఎన్4కు దరఖాస్తు చేసి, వినికిడి కుదుటపడ్డాక జేఎఫ్‌టీని కూడా ప్రయత్నించడం నాకు బాగా కనిపిస్తోంది. రెండు ఫీజులు కట్టే స్తోమత లేకపోతే, మిమ్మల్ని తీసుకునే యాజమాన్యం ఎన్4నే అడుగుతుందా అన్నది తెలుసుకుని ఒకటి ఎంచుకోండి.

డిసెంబరు పరీక్షకు దరఖాస్తు గడువు చాలా ముందే ముగుస్తుంది, ఆ పని ఈ వారమే చూడండి. జేఎల్‌పీటీ వెబ్‌సైట్‌లో అధికారిక నమూనా ప్రశ్నలు ఆడియోతో ఉచితంగా దొరుకుతాయి. ఇవాళ వినికిడి భాగం ఒకటి రాసి మార్కులు పక్కన పెట్టుకోండి. నాలుగు వారాలు వాక్యాల మీద పనిచేశాక, ఇంతకుముందు చూడని మరో భాగం రాయండి. మార్పు కనిపిస్తే శిక్షకుడికి ఆ రెండు కాగితాలూ చూపించి, పొద్దుటి పరీక్షలో కొంత భాగం వాక్యాలతో పెట్టమని అడగవచ్చు. మార్పు కనిపించకపోతే, మీరు తప్పు రాసిన ప్రశ్నలను వాక్యాలతో సహా నాకు రాసి పంపండి. ఎక్కడ తప్పిందో వాటిలో వెతుకుదాం.